అడుగున పెట్టిన దరఖాస్తు

విదేశీ విద్యార్థుల విభాగాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ప్రయాణ అనుమతి పత్రమును వాపసు చేయుట, కొత్త దరఖాస్తులో కారణం గడి నింపుటకు తమ సలహా కోరుట గురించి.

తమ కార్యాలయంలో మూడో కౌంటరు దగ్గర వారానికి ఇరవై గంటలు పనిచేసే విద్యార్థిని సవినయంగా మనవి చేసుకొనునది.

1. నేనూ బయటి దేశం నుంచి వచ్చి ఇక్కడ రెండో సంవత్సరం చదువుతున్నదాన్నే. వీసా, పని, ప్రయాణం గురించి తోటి విదేశీ విద్యార్థులు అడిగేవాటికి జవాబు చెప్పడం నా పని. గోడకు అంటించిన పద్నాలుగు సూచనల కాగితం నేను రాసిందే. తమరు చదివి, బాగుంది గానీ కామాలు ఎక్కువయ్యాయన్నారు. తీసేశాను.

2. అందులో ఆరో సూచన ప్రకారం, దేశం దాటే ప్రతి విద్యార్థీ ముందుగా తమ సంతకంతో ప్రయాణ అనుమతి పొందవలెను. అది లేకుండా వెళితే వీసా రద్దవుతుంది, చదువు అంతటితో సరి. ఈ ముక్క రోజుకు పాతికసార్లు చెబుతాను. నిద్రలో కూడా చెబుతున్నానని నా గదిలో ఉండే అమ్మాయి ఫిర్యాదు.

3. ఈ నెల నాలుగో తేదీన మా బావ ఫోను చేశాడు. అక్కను ఆసుపత్రిలో చేర్చారు. ఐదేళ్ల పాపను పక్కింట్లో ఉంచారు. మా బావ కంగారుపడే మనిషి కాదు. ఇల్లు అంటుకున్నా కాస్త ఉక్కగా ఉందనే రకం. అటువంటివాడు, "వీలైతే ఒకసారి రామ్మా" అన్నాడు. ఆ పూటే దరఖాస్తు నింపాను. కారణం గడిలో "అక్క అనారోగ్యం" అని రాశాను.

4. దరఖాస్తును ట్రేలో అన్నిటికంటే అడుగున పెట్టాను. కౌంటరులో పనిచేసేవాళ్లం మా కాగితాలు అడుగునే పెట్టుకుంటాం. చేరిన రోజే సీనియర్ గుమాస్తా గారు నేర్పారు. "మన కాగితం పైన పెట్టుకుంటే రేపు పదిమందీ వేలెత్తి చూపిస్తారమ్మా" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. నిరుడు మా కౌంటర్లలోనే పనిచేసే ఒకమ్మాయి తన కాగితం మధ్యలో దూర్చితే నేనే తీసి అడుగుకు తోశాను.

5. తమరు ట్రేలో పై కాగితం నుంచి సంతకాలు చేస్తారు. సెలవుల ముందు రోజులు కనుక కొత్తవి వస్తూనే ఉన్నాయి. ఎనిమిది పనిదినాల్లో నా దరఖాస్తు మీద రెండువందల పైచిలుకు దరఖాస్తులు పెట్టాను. వేరెవరో కాదు, నేనే పెట్టాను. అంచులు సరిచేసి మరీ పెట్టాను. వాటిలో ఒకటి స్నేహితులతో సముద్రం చూడడానికి వెళ్లే కుర్రవాడిది. పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి సంతకమైంది. సంతోషపడి నాకొక చాక్లెట్ ఇచ్చాడు. తిన్నాను.

6. పదో తేదీన తమరు నా కౌంటరు ముందు ఆగి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఏం లేదు సార్ అన్నాను. అప్పుడు చెప్పి ఉంటే తమరు అక్కడే నిలబడి సంతకం చేసి ఉండేవారని నాకు తెలుసు. ఎందుకు చెప్పలేదని సీనియర్ గుమాస్తా గారు ఇప్పుడు అడుగుతున్నారు. అడుగుతూనే ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. నేను స్టాప్లర్‌లో పిన్నులు వేసుకున్నాను.

7. పదమూడున ఉదయం పదకొండింటికి అక్క పోయింది. ఆ సమయంలో నేను ఒక మొదటి సంవత్సరం విద్యార్థికి, జీతం లేని శిక్షణ మా వీసా ఒప్పుకునే వారానికి ఇరవై గంటల పని లెక్కలోకి వస్తుందా రాదా అన్నది వివరిస్తున్నాను. ఫోను మోగింది. ఎత్తి విన్నాను, పెట్టేశాను, మిగిలింది చెప్పి పంపాను. చెప్పింది సరిగ్గానే చెప్పాను, తర్వాత సరిచూసుకున్నాను కూడా.

8. పద్నాలుగున కొత్త దరఖాస్తులు రాలేదు. ట్రే ఖాళీ అయింది. నాది సంతకమై వచ్చింది.

9. పదకొండో సూచన ప్రకారం, రాసిన కారణం తీరిపోయినచో అనుమతి చెల్లదు. పత్రం వాపసు చేసి కొత్తగా దరఖాస్తు చేయవలెను. కనుక పత్రం జతపరిచాను. కొత్త దరఖాస్తులో ఐదే కారణాలున్నాయి: అనారోగ్యం, మరణం, వివాహం, పరిశోధన, విహారం. మరణం అన్నది అంత్యక్రియలకు హాజరయ్యేవారికి మాత్రమే. అవి నేను లేకుండానే జరిగిపోయాయి. ఇక్కడ చేసేదేం లేదు, చదువుకో అని బావ కూడా అంటున్నాడు. పెళ్లి ఏదీ లేదు. నా పరిశోధన మట్టి మీద, అది ఈ ఊళ్లోనే దొరుకుతుంది. అన్నీ కొట్టేయగా విహారం మిగిలింది. పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంచాను. పెన్ను పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

కావున నేను వెళ్లి, మళ్లీ వచ్చి చదువు పూర్తి చేసుకునేలా అనుమతి ఇప్పించి, ఆ గడిలో ఏమి రాయమంటారో తెలుపగలరని ప్రార్థన. నన్ను పనిలోంచి తీసేసినా అభ్యంతరం లేదు. తమకు తీరిక చిక్కినప్పుడు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో కౌంటరు

తా.క. అయ్యా, అసలు కారణం పైన రాయలేదు. దానికి గడి లేదు. అమ్మ ఎక్కడికెళ్లిందని పాప అడిగితే, పిన్నిని తీసుకురావడానికి వెళ్లిందని మా బావ చెప్పాడట. ఆ పూటకు నోటికొచ్చింది చెప్పాడు పాపం, ఇంకేం చెబుతాడు. నిన్న పాప నాకు ఫోను చేసింది. "పిన్నీ, మీరిద్దరూ ఎప్పుడొస్తారు?" అంది. ఇంకా సంతకం కాలేదమ్మా, ఆఫీసులో పెద్దాయన చెయ్యాలి అన్నాను.

"అయితే ఆయన్ని అడుగు" అంది.

అడుగుతున్నాను.