మడుగు దగ్గర నా కేక

గంగి అయ్యా,

నువ్వు పోయిన ఏడాదికి మన గంగికి ఉద్యోగం వచ్చింది. కొండ దిగువన పక్షుల మడుగు ఉంది కదా, అక్కడికి వచ్చేవాళ్లను గట్టు వెంట నడిపించి పిట్టలను చూపించాలట. పంట కాలమంతా పిట్టలను తోలుకుంటూ బతికిన మన ఇంట్లో పిల్లకి ఇలాంటి పని! నువ్వుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడివి.

సామచేలో ఈ కొస మంచె మీద నేను, ఆ కొస మంచె మీద నువ్వు. నేను కేకేస్తే నువ్వు బదులు కేకేసేవాడివి. ఈ ఏడు ఒక్క మంచే వేశాను.

నిన్న గంగి నన్నూ మడుగుకి తీసుకెళ్లింది. "అమ్మా, అక్కడ మాటాడకు. పిట్టలు బెదిరిపోతాయి" అని బస్సులోనే చెప్పింది. పట్నం నుంచి వచ్చిన పదిమంది చప్పుడు చెయ్యకుండా దాని వెనక నడిచారు. నేనైతే చెప్పులు కూడా చేత్తో పట్టుకున్నాను.

ఇంతలో తుంగలోంచి ఒక పిట్టల గుంపు లేచి, పక్కనున్న వరిచేను మీద వాలబోయింది. నా చేతులు వాటంతటవే పైకి లేచాయి. "హో... హోయ్!" అని గట్టిగా కేకేశాను. మడుగులో పిట్టలన్నీ ఎగిరిపోయాయి.

"ఏటమ్మా, ఏటి సేసావు!" అంది గంగి. అందరూ నావైపే చూస్తున్నారు. అది సిగ్గుతో నా చెయ్యి పట్టి లాగింది.

"ఉండే గుంటా, మీ అయ్య ఇంకా పలకలేదు" అన్నాను.

గంగి లాగడం మానేసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. అదీ నా పక్కనే నిలబడి, చేను ఆ కొసకేసి చూసింది.