నాలుక మీద తెల్లపొడి

చిన్నాయనా,

నిన్న నీ సంవత్సరీకం అయిపోయింది. కోకాపేటలో నీ ద్రాక్షతోటను మొన్ననే పీకేశారు. తీగలు ఇంకా గట్టు మీద ఎండుతున్నాయి. నీ కూతురు సుగుణ కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. వాడికి అచ్చం నీ ముక్కే.

వాణ్ని చూసి మురిసిపోతూ చిన్నమ్మ నాతో అన్నది: "సుగుణ కడుపుతోటి ఉన్నప్పుడు మీ చిన్నాయన దాన్ని తోట దిక్కు రానియ్యలే. డీడీటీ కడుపుల పిల్లకు మంచిది గాదని పురుగుల మందులమ్మేటాయన చెప్పిండట. ఎంటనే పట్నం పంపిండు."

ఆ ఏడు నేనూ కడుపుతోనే ఉన్నాను. నీకు తెలుసు, నాకు చింతకాయలు తెచ్చిచ్చింది నువ్వే. నీ తోటలో ఆ డీడీటీ పొడిని తొట్టి నీళ్లలో చేతులతో కలిపింది నేను. ఆ కడుపు నిలవలేదు. తర్వాతిదీ నిలవలేదు. ఇప్పుడు నెలసరి కూడా సరిగా రావడం లేదు. ఇలాంటి మందులు గర్భాన్ని నిలిపే హార్మోన్లను చెడగొడతాయేమోనని దవాఖానలో డాక్టరమ్మ అన్నది, ఖాయంగా చెప్పలేనని కూడా అన్నది. సుగుణ కోసమైతే నువ్వు ఖాయంగా తెలిసేదాకా ఆగలేదు.

ఒకరోజు పొడి కలుపుతూ, వాసనకు కడుపులో తిప్పుతోందని నీతో చెప్పాను. "ఏంగాదు బిడ్డా, ఫికర్ జెయ్యకు. ఇగో సూడు" అంటూ చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నావు. అందరం నవ్వాం. నేను మళ్లీ తొట్టిలో చేతులు పెట్టాను.

నువ్వు బావి దగ్గరికి పోయి చాలాసేపు నోరు పుక్కిలించావు. ఎండకు ముఖం కడుక్కుంటున్నావనుకున్నాను.