అర దెబ్బ ఆలస్యం

7 ఆగస్టు 2005, ఆదివారం
సివిక్ సెంటర్ నెట్ కేఫ్, మూడో కేబిన్. గంట కూర్చుంటే కరుణతో పది నిమిషాలు మాట. మిగతాదంతా హలో, హలో. బటన్ నొక్కిపట్టి మాట్లాడాలి, వదిలేసి వినాలి. నేను నొక్కినప్పుడే తనూ నొక్కుతుంది. ఇక్కడ భిలాయి సెక్టర్ 6లో పంతొమ్మిదేళ్ళు నా పక్క క్వార్టర్లో ఉన్న మనిషి. గోడ మీద రెండుసార్లు తడితే కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చేసేది.

జూన్లో వాళ్ళాయన వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని విశాఖ పోదామన్నాడు. తను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. గాజువాకలో ఇల్లు, కొత్త చర్చి. ఆ చర్చిలో గ్లోరీ అని ఒకమ్మాయి ఉందట, కీబోర్డు వాయిస్తుందట. "ఎంత బాగా వాయిస్తంది వదినా" అని మూడుసార్లు అంది. పది నిమిషాల్లో మూడుసార్లు.

9 ఆగస్టు
కొత్త ఒక వింత, పాత ఒక రోత.

14 ఆగస్టు, ఆదివారం
స్త్రీల కూటం. కరుణ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు, నేను కూర్చోనివ్వలేదు అంటే నిజం. ఢోలక్ అక్కడ పెట్టాను. పాట ఎత్తుకునేవాళ్ళు లేక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలో వెనక వీధి దూబే దీదీ దగ్గర ఢోలక్ నేర్చుకున్నాను. వాళ్ళ పెళ్ళి పాటల ఢోలక్. దాన్ని మన కీర్తనల్లోకి తెచ్చింది నేను. పాస్టరుగారు మొదట మొహం చిట్లించారు కూడా. కరుణ గొంతు దానిమీదే నిలబడింది. ఈ మాట బయట అనను, ఇక్కడ రాసుకుంటాను.

21 ఆగస్టు, ఆదివారం
ఆ గ్లోరీ తాళం చేత్తో వేయదట. కీబోర్డులో మీట నొక్కితే అదే వాయించుకుంటుందట. కరుణ అబ్బురపడిపోతూ చెబుతోంది. మనిషి కొట్టే దెబ్బ గొంతు కోసం కాస్త ఆగుతుంది. పల్లవి చివర కరుణ ఊపిరి తీసుకునేటప్పుడు నా చెయ్యి దానంతట అదే ఆగేది. పెట్టె ఆగుతుందా? అడుగుదామనుకున్నాను. బటన్ నొక్కేలోపు లైను పోయింది.

28 ఆగస్టు, ఆదివారం
వాళ్ళింట్లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చిందట. ఇంక బటన్ అక్కర్లేదు, టెలిఫోన్లాగే ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చట. గ్లోరీయే దగ్గరుండి పెట్టించిందట. గ్లోరీయే హెడ్‌ఫోన్ తెచ్చిందట. అన్నం కూడా గ్లోరీయే వండిపెడుతోందా అని అడిగాను. నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

2 సెప్టెంబరు
హిందీ పేపర్లో శుక్రవారం కంప్యూటర్ పేజీ వస్తుంది. ఇన్నాళ్ళూ అది పరిచి కూర తరిగేదాన్ని. ఇవాళ కత్తిరించి ఇక్కడ అంటించాను. ఇంటర్నెట్‌లో మాట, కొత్తగా బొమ్మ కూడా, ఏ లైనుకి ఎంత స్పష్టంగా వస్తుంది... అంతా చదివాను. అర్థంకానివి ఎర్ర పెన్నుతో గీశాను.

ఈయన షిఫ్ట్ నుంచి వచ్చి చూశారు. "ఏటే సలోమీ, ఆస్పత్రి మానేసి టెలిఫోన్లలో చేరిపోతావేటి?" అన్నారు. ఇంకో మాట కింద ఎర్ర గీత గీశాను. ఆ పిల్లకి తెలిసింది నాకు తెలియకూడదా?

18 సెప్టెంబరు, ఆదివారం
మనింట్లో కూడా వచ్చింది. పెట్టెకి పచ్చ దీపాలు. మూడు వారాలు టెలిఫోన్ ఆఫీసు చుట్టూ తిరిగి పెట్టించాను — నేనే, ఎవరూ దగ్గరుండి పెట్టించలేదు.

మెసెంజర్లో కరుణ పేరు పక్కన పచ్చ చుక్క వెలిగితే ఉన్నట్టు. వెలిగింది. ఎంత స్పష్టంగా ఉందో గొంతు! గడప మీద నిలబడి పిలిచినట్టే ఉంది. హెడ్‌ఫోన్ రెండు చేతులా చెవులకి అదుముకున్నాను. "వదినా, ఉన్నావేటి?" అంది. ఉన్నాను.

25 సెప్టెంబరు, ఆదివారం
గాజువాక చర్చివాళ్ళు పాటల సీడీ తీస్తున్నారట. డిసెంబరులో రికార్డింగు. ఎనిమిది పాటలూ కరుణవే. వెళ్ళిపోయిన రోజు దుర్గ్ స్టేషన్లో రైలు కదిలేముందు కిటికీలోంచి చెయ్యి పట్టుకుని అంది — నా పాట ఎప్పుడు రికార్డయినా ఢోలక్ నీదే అని. నేను గుర్తుచేయలేదు. తనే అంది ఇవాళ: "నువ్వే రావాలి వదినా. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఇలాగే ప్రాక్టీసు చేద్దాం."

మరి గ్లోరీ? అడగలేదు. తనూ చెప్పలేదు. సెలవు చీటీ ఇప్పుడే రాసి పెట్టుకున్నాను.

2 అక్టోబరు, ఆదివారం
మొదటి ప్రాక్టీసు. మైకు ఢోలక్ పక్కన, హెడ్‌ఫోన్ చెవులకి. నాలుగు దెబ్బలు వేసి చూశాను. కరుణ ఎత్తుకుంది — ఆలస్యంగా. అర దెబ్బ వెనక. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి తాళం తప్పని మనిషి!

చెప్పాను. "నాకు సరిగ్గానే ఉంది వదినా" అంది. నీకలాగే ఉంటుంది, మీట నొక్కితే వచ్చే తాళానికి అలవాటుపడ్డావు కదా అన్నాను. "లైను తేడా ఏటో..." అని నసిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నాను.

మాటలు కూడా మారాయి. ఇదివరకు నేను అడగడం పూర్తికాకుండానే జవాబు చెప్పేది. ఇప్పుడు ఏది అడిగినా ఒక క్షణం ఆగి, ఆలోచించుకుని చెబుతోంది. నాతో ఆలోచించుకుని మాట్లాడాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది?

9 అక్టోబరు, ఆదివారం
మళ్ళీ వెనకే. గంటంతా అదే చరణం చేయించాను. చివర్లో నీళ్ళు తాగి వస్తానంది. సరే, ఇవాళ్టికి చాలన్నాను.

23 అక్టోబరు, ఆదివారం
దారికొచ్చింది! దెబ్బ పడ్డచోట పాట. మూడు పాటలూ. చూశావా, నేను చెబితే వస్తుంది, ఆ పెట్టె చెబితే వస్తుందా అన్నాను. "కొంచెం ముందుగా ఎత్తుకుంటన్నాను వదినా, నీకు బాగున్నాది కదా?" అంది. బాగుంది. చాలా బాగుంది.

ఈ వారమంతా వార్డులో కూనిరాగం తీస్తున్నానట, చిన్న సిస్టర్లు నవ్వుతున్నారు.

30 అక్టోబరు, ఆదివారం
గ్లోరీ అందట — ఆంటీ, ఈమధ్య మీరు తొందరపడుతున్నారు, తాళం కంటే ముందు వెళ్ళిపోతున్నారు అని. కరుణ బాధగా చెప్పింది. నాకు బాధ కలగలేదు. పెట్టె తాళానికి అలవాటుపడిన చెవులకి మనిషి తాళం తొందరగానే వినిపిస్తుందిలే అన్నాను. తను ఊఁ అంది.

6 నవంబరు, ఆదివారం
ఇవాళ పొద్దున వాళ్ళ చర్చిలో కరుణ పాట మధ్యలో ఆగిపోయిందట. మొదలెట్టి, ఆపి, మళ్ళీ మొదలెట్టి... మూడోసారి గ్లోరీ ఒక్కతే పూర్తి చేసిందట. అందరి ముందూ.

అయ్యో అన్నాను. అయ్యో అంటూనే లోపల ఒక చల్లదనం. ఎవరికీ కనిపించదు కాబట్టి రాస్తున్నాను. సంతోషించాను. "దాంతో నాకు కుదరడం లేదు వదినా, నీతోనే కుదురుతంది" అంది. ఇంత మంచి మాట ఈ అయిదు నెలల్లో వినలేదు. ఈయనతో టికెట్ తీయించాను, డిసెంబరు పదికి.

12 నవంబరు, శనివారం
వెబ్‌క్యామ్ కొనడానికి సివిక్ సెంటర్ వెళ్ళాను. విశాఖ వెళ్ళేలోపు ఒక్కసారి తన మొహం చూడాలని. కేఫ్ సాహూ భయ్యా పనిచేస్తుందో లేదో చూపిస్తానని పక్కపక్కనే రెండు కంప్యూటర్లు కలిపాడు. నన్ను ఒకదాని ముందు కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాడు. తను పక్కదాని ముందు కూర్చుని హలో అన్నాడు.

పెదవులు కదిలాయి. ఆ తర్వాత... తర్వాత వినిపించింది హలో.

మూరెడు దూరంలో ఉన్నాడు మనిషి. మళ్ళీ అనమన్నాను. మళ్ళీ అంతే. చప్పట్లు కొట్టమన్నాను. చేతులు ముందు కలిశాయి, చప్పుడు వెనక వచ్చింది. "ఘూమ్‌కే ఆతా హై నా దీదీ, టైమ్ లగ్‌తా హై" అన్నాడు. తిరిగి తిరిగి వస్తుందట, టైము పడుతుందట. అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పాడు.

ఆటోలో కూర్చుని వేళ్ళ మీద లెక్కవేసుకున్నాను.

నా దెబ్బ గాజువాకకి ఆలస్యంగా చేరుతుంది. చేరిన దెబ్బ మీద కరుణ సరిగ్గా పాడుతుంది. ఆ పాట ఇక్కడికి ఇంకా ఆలస్యంగా వస్తుంది. మొదటి రోజు నుంచీ తను సరిగ్గానే పాడింది. లైను తేడా ఏమో అని అంది కూడా. నేను సామెత చెప్పాను. నా కోసం దెబ్బకంటే ముందు ఎత్తుకోవడం నేర్చుకుంది. ఆ అలవాటుతోనే చర్చిలో అందరి ముందూ ఆగిపోయింది. చెడగొట్టింది గ్లోరీ కాదు.

ఇన్ని పేపరు ముక్కలు అంటించాను. వెనక్కి తిప్పి చూశాను. సెప్టెంబరులో గీసిన ఎర్ర గీత కింద ఇదే ఉంది — మాట చేరడంలో జాప్యం. అర్థంకాలేదని గీసి వదిలేశాను.

13 నవంబరు, ఆదివారం
చెప్పలేదు. కెమెరా కూడా పెట్టలేదు. ప్రాక్టీసు జరిగింది. ముందే ఎత్తుకుంది పాపం, నాకు సరిగ్గా వినిపించేలాగ. బాగుందా అని అడిగింది. బాగుందన్నాను.

16 నవంబరు
డిసెంబరు పదికి ఎలాగూ వెళ్తాను. పక్కన కూర్చుని వాయిస్తే దానంతట అదే సర్దుకుంటుంది. ఇప్పుడు చెప్పి ఏం లాభం... ఇలా నాకు నేనే చెప్పుకుంటున్నాను. అసలు సంగతి వేరు. చెబితే ఆ పిల్లతో మళ్ళీ కుదిరిపోతుంది.

20 నవంబరు, ఆదివారం
గ్లోరీ కీబోర్డులో తాళం ఆపేసిందట. కరుణ ఎక్కడ ఎత్తుకుంటే అక్కడి నుంచి చేత్తో చప్పట్లు కొడుతూ వెంట వచ్చిందట, రోజూ సాయంత్రం వచ్చి అలా కూర్చుంటోందట. "నాకోసం ఎంత ఓపిక పడతందో వదినా."

గొంతు కోసం ఆగడం నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఆ పిల్ల చెడ్డదైతే ఎంత బాగుండేది.

ఇవాళ కూడా చెప్పలేదు.

27 నవంబరు, ఆదివారం
కెమెరా పెట్టాను. కరుణ కనిపించింది. చిక్కిపోయింది. బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. అయినా తనే. చెవుల దగ్గర నెరిసిన జుట్టు కొత్తది, ఇక్కడున్నప్పుడు లేదు. నన్ను చూసి నవ్వింది, వెంటనే తల దించుకుంది.

ఢోలక్ ఒళ్ళోకి తీసుకోబోతుంటే వద్దంది. పాస్టరుగారికి చెప్పేసిందట, సీడీలోంచి తన పేరు తీసేయమని. వేరేవాళ్ళ చేత పాడించుకోమని. "నీతో పాడినట్టు పాడితే గ్లోరీకి తప్పు, గ్లోరీతో పాడితే నా చెవికే తప్పు. నాలోనే ఏదో పోయింది వదినా. తాళమే తెలీడం లేదు నాకు. ఇంక పాడను."

చిన్నప్పటి నుంచి పాడుతున్న మనిషి. వంట చేస్తూ పాడేది, బట్టలు ఆరేస్తూ పాడేది, గోడ ఇవతల నా పనులన్నీ ఆ పాటలతోనే నడిచేవి. నోరు తెరిచాను. "తొందరపడకు" అన్నాను. అంతే అన్నాను.

30 నవంబరు
టికెట్ రద్దు చేయమంటావా అని అడిగారు ఈయన. ఉంచమన్నాను. ఎందుకు ఉంచమన్నానో నాకే తెలియదు. ప్రార్థనలో ప్రభువుకి చెప్పుకున్నాను, కానీ చెప్పాల్సింది ఆయనకి కాదు.

4 డిసెంబరు, ఆదివారం
చెప్పాను.

కెమెరా ముందు కూర్చుని, తనని మాట్లాడనివ్వకుండా, ఊపిరి తీసుకోకుండా. "తప్పు నీది కాదే కరుణా. లైనుది. నీ పాట నాకు లేటుగా వస్తంది. నువ్వు మొదట్నించీ సరిగ్గానే పాడేవు. నేనే నిన్ను తప్పు పట్టి దారి తప్పించేసేను." సాహూ భయ్యా రెండు కంప్యూటర్లు, చప్పట్లు, అంతా చెప్పాను. గ్లోరీ దగ్గర కూర్చుని మామూలుగా పాడు, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, సీడీ మానేయకు అన్నాను. గ్లోరీ పేరు నా నోటితో మొదటిసారి తిన్నగా అన్నాను.

వింటూ కూర్చుంది. ఆ తర్వాత ఒకటే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది వదినా?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్న అని చెప్పొచ్చు. "మూడు వారాలయింది" అన్నాను.

నా మాట అక్కడికి చేరడానికి ఎంత పడుతుందో, తన మాట ఇక్కడికి రావడానికి ఎంత పడుతుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. అంతసేపూ ఆగాను. ఇంకా ఆగాను. తను కదలడం లేదు. కళ్ళు నా మీదే ఉన్నాయి. బొమ్మ ఆగిపోయిందేమో, లైను పోయిందేమో, నేను చెప్పింది చేరలేదేమో అనుకున్నాను. అంతలో తన వెనకనుంచి వాళ్ళాయన భుజాన తువ్వాలుతో ఈ గదిలోంచి ఆ గదిలోకి నడుచుకుంటూ వెళ్ళాడు.

10 డిసెంబరు
రైలు వెళ్ళిపోయింది. నేను డ్యూటీకి వెళ్ళాను.

11 డిసెంబరు, ఆదివారం
ఆరు గంటలకి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కరుణ పేరు పక్కన పచ్చ చుక్క. ఉంది. రెండుసార్లు పిలవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తనూ పిలవలేదు.

ఏడయింది. ఈయన వచ్చి మాట్లాడుకోవడం అయిపోయిందా అన్నారు. ఇంకా లేదన్నాను. చుక్క అలాగే ఉంది. నాదీ అక్కడ తనకి కనిపిస్తూనే ఉంటుంది.