ఖాళీ వదలని బ్యాటరీ

ఖిదిర్‌పూర్, కలకత్తా.

అమ్మకు,

నీ రేబెకా వందనాలు. ఇక్కడ నేనూ, ఆయనా, పాపా బాగున్నాం. పలాసలో నువ్వూ తమ్ముడి వాళ్ళూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో చెబితే మరదలు వింటుంది, అందుకే ఉత్తరం.

మోకాలి నూనె విజయకుమారి పిన్నితో పంపాను. చర్చికి ఆదివారాలు మానడం లేదు. ఇక, తమ్ముడు పేపర్లో చూపించిన ఫోటో గురించి అడిగావు కదా, "ఏటే, బ్యాటరీ పక్కన ఆ బాబొక్కడే ఉన్నాడు, నువ్వెక్కడే?" అని. చెబుతాను.

ఫోన్లలో, బళ్ళలో వాడే లిథియం బ్యాటరీ మరింత ఛార్జి పట్టాలంటే సిలికాన్ మంచిది. కానీ ఛార్జి ఎక్కేకొద్దీ అది మూడింతలు ఉబ్బి, పగిలి పొడైపోతుంది. నువ్వు శనగలు నానబెట్టేటప్పుడు గిన్నెలో సగమే పోసేదానివి చూడు, అలాగే నేను కంటికి కనబడనంత చిన్న సిలికాన్ నలుసుల చుట్టూ కార్బన్ తొడుగు కట్టి, లోపల ఉబ్బడానికి ఖాళీ వదిలాను. ఆ ఖాళీయే ఇన్నేళ్ళ నా పని.

ఆ ఫోటోలో ఉన్నది మా ల్యాబ్ పెద్ద అనిర్బాణ్ దా; ఇక్కడ అన్నని దా, దాదా అంటారు. నా పనిని తన ఒక్కడి పేరుతో అచ్చు వేయించుకున్నాడు. అడిగితే నవ్వాడు. "ఆలోచన నాది రేబెకా. నువ్వు చేత్తో చేశావంతే."

అమ్మా, ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆమధ్య ఒక కంపెనీ వాళ్ళు పరీక్షకు బ్యాటరీలు అడిగారు. ఛార్జి అంకె పెద్దదిగా కనబడాలని దాదా, "ఆ ఖాళీ దండగ, సిలికాన్ దట్టించు," అన్నాడు. నిజంగా తన ఆలోచనే అయితే ఆ మాట అనేవాడా? నేను వద్దనాల్సింది. "సరే దాదా," అన్నాను. నా చేతులతోనే దట్టించాను, ఎంతో శ్రద్ధగా.

భయపడకు, అవి కాలవు, పేలవు. మొదట అన్నిటికంటే మెరుగ్గా పనిచేసి, ఆనక నీరసపడిపోతాయి.

నిన్న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. దాదా ముఖం పాలిపోయి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఛార్జి ఎందుకిలా పడిపోతోంది, రేబెకా?"

"ఆలోచన మీది కదా దాదా. నేను చేత్తో చేశానంతే."

ఇది న్యాయమో, ఒట్టి కక్షో నాకు తేలడం లేదు. ప్రభువు ప్రార్థనలో క్షమించే మాట దగ్గర నోరు ఆగిపోతోంది. అయినా నిన్న, చాలా రోజుల తర్వాత, అన్నం రుచిగా తిన్నాను.

నా కోసం ప్రార్థన చెయ్యి. ఆ ఖాళీ సంగతి అతనికి తట్టాలని మాత్రం చెయ్యకు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
రేబెకా