వక్క మీద సమ్మెట

మొగల్తూరు,
శుక్రవారం మధ్యాహ్నం.

చిన్నమ్మాయి క్రిస్టినాకు నాన్న దీవించి రాసేది. ప్రభువు దయవల్ల అమ్మా నేనూ తిని తిరుగుతున్నాం. అమ్మ మోకాలు నొప్పి మామూలే, అయినా ఆదివారం చర్చి మాత్రం మానదు. నువ్వూ ఆ నర్సింగ్ హాస్టల్లో వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. వారానికి ఒక్క పూటే ఫోను చేతికిస్తారు కాబట్టే నాకు నీ ఉత్తరాలు వస్తున్నాయి. ఆ రూలు పెట్టినవాళ్ళు చల్లగా ఉండాలి.

ముందు నువ్వడిగిన వాటికి జవాబు. ఇంగ్లీషు పేపర్లో ఇడియమ్స్ ఇస్తారన్నావు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అవే చెప్పి రిటైరైనవాణ్ణి, అడగాల్సిన వాణ్ణే అడిగావు. 'హార్డ్ నట్ టు క్రాక్' అంటే కొరకరాని కొయ్య. సమస్యా కావచ్చు, మనిషీ కావచ్చు. మీ అమ్మని తలుచుకో, పరీక్షలో మర్చిపోవు. (ఈ ముక్క ఫోన్లో ఆవిడకి చెప్పకు.)

రెండోది 'స్లెడ్జ్‌హామర్ టు క్రాక్ ఎ నట్'. దీనికి నేను క్లాసుకి వక్క పట్టుకెళ్ళేవాణ్ణి. వక్క గట్టిదే, కాదనను. దానికి అడకత్తెర ఉంది కదా! అది మానేసి కమ్మరి దగ్గర్నుంచి సమ్మెట తెచ్చి కొట్టావనుకో, వక్క పిండైపోతుంది, కింద గచ్చూ పగులుతుంది. సమ్మెట ఎత్తినట్టు చేతులు పైకెత్తి చూపిస్తే పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

ఇక మూడో ప్రశ్న. ఆదివారం ఫోన్లో నా గొంతు అలా ఉందేంటని అడిగావు. జలుబన్నాను. జలుబు కాదమ్మా.

మన ఎకరంన్నరకి నీళ్ళొచ్చే బోదె నీకు తెలుసు. ఏటా నారు పోసే ముందు, ఆ బోదె కింది రైతులందరం ఇంటికొకరం చొప్పున నీళ్ళల్లో దిగి, గుర్రపుడెక్క దంతెలతో లాగి గట్టున పోసేవాళ్ళం. నువ్వు మజ్జిగ తెచ్చేదానివి. ఈ ఏడు మూడుసార్లు కబురు పెట్టినా ఎవరూ రాలేదు. ఒకరికి రొయ్యల చెరువు, ఒకరికి పెళ్ళి. వచ్చినవాళ్ళం ఇద్దరమే, నేనూ, మన చేనుకి దిగువనున్న చేను కౌలుకి చేసే బుల్లిరాజూ.

"ఇద్దరమైతే ఏంటండీ మాస్టారూ, రోజుకి కొంచెం లాగుదాం. నాలుగు రోజుల్లో అయిపోద్దండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరందరి పనీ నా నెత్తినేనా అనుకున్నాను. మర్నాడు అతను లేనప్పుడు కలుపు మందు తెచ్చి, డబ్బా మీద రాసినదానికి రెట్టింపు కలిపి, బోదె పొడవునా కొట్టేశాను. పారే నీళ్ళలో వాడకూడదని ఆ డబ్బా మీదే ఇంగ్లీషులో ఉంది. చదివాను కూడా.

వారానికి గుర్రపుడెక్క మాడి కుళ్ళింది, నీళ్ళు పారాయి. మన మళ్ళో నేనింకా నారు పోయలేదు. ఆ నీళ్ళు తిన్నగా బుల్లిరాజు నారుమడికి వెళ్ళాయి. నారంతా పండుబారి పడిపోయింది. మళ్ళీ పోశాడు. అదీ పోయింది.

పక్కనున్న హరిబాబు రొయ్యల చెరువు ఉప్పునీళ్ళ వల్లేనని బుల్లిరాజు అనుమానం. నీళ్ళూ నారూ ల్యాబుకి పట్టుకెళ్ళాడు. రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. ఇంకెక్కడికి తెస్తాడు? "కాస్త చదివి చెప్పండి మాస్టారూ" అని మన అరుగు మీద కూర్చున్నాడు. ఉప్పు మామూలుగానే ఉందనీ, నారు చచ్చింది కలుపు మందు వల్లనేననీ రెండు వాక్యాల్లో స్పష్టంగా ఉంది.

"ఉప్పేనయ్యా" అన్నాను.

ఎందుకన్నానో అడగకు తల్లీ. సిగ్గు. మాస్టారు ఇంత పని చేశాడా అంటారని.

మర్నాడే బుల్లిరాజు పార పట్టుకెళ్ళి హరిబాబు చెరువు గట్టు తెగ్గొట్టాడు. పట్టి అమ్మడానికి సిద్ధంగా ఉన్న రొయ్యలన్నీ మురుగు కాలవలో కలిసిపోయాయి. కేసైంది. పది రోజులుగా సబ్‌జైల్లో ఉన్నాడు, బెయిలు రాలేదు. చేను ఆసామి ఇంకొకరికి కౌలుకిచ్చేశాడు. ఇప్పుడు నేను నోరు విప్పినా గట్టు తెగ్గొట్టింది అతనే, కేసు పోదు. నారు రాదు, చేను రాదు. ఇలాగని రోజూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. అది పిరికితనమని తెలిసే చెప్పుకుంటున్నాను. మీ అమ్మకి చెప్పలేదు. పాస్టరుగారికి చెబుదామని వెళ్ళి, వానల గురించి మాట్లాడి వచ్చేశాను.

ఇవాళ బుల్లిరాజు భార్య సంపూర్ణమ్మ తెల్లకాగితాలు కొనుక్కుని వచ్చింది. "కలెక్టరుగారికి ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టండి మాస్టారూ. ఉప్పునీళ్ళని తేల్చింది మీరే కదండీ. మీరు రాస్తే నమ్ముతారండి" అంది.

సరేనని కూర్చున్నాను. కలెక్టరుగారికి అని రాయబోతే చెయ్యి సాగలేదు, నీ పేరు రాశాను. అమ్మ కాఫీ ఇస్తే సంపూర్ణమ్మ తాగకుండా పక్కన పెట్టుకుని, అరుగు మీద నుంచి నా చేతినే చూస్తోంది. ఆవిడకి తెలుగూ చదవడం రాదు. ఇదంతా వాళ్ళాయన అర్జీయే అనుకుంటోంది. రాస్తున్నది ఆవిడ తెచ్చిన కాగితాల మీదే. ఇంకొక్కటే మిగిలింది.

"అయిపోవచ్చిందాండీ?" అని ఇప్పుడే అడిగింది.

"ఇంకొక్క ముక్కమ్మా" అన్నాను.

ఇట్లు,
మీ నాన్న
జయపాల్