పెద్దాయన కోటు కుడి చెయ్యి

షాపు నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ అంతా క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. నేను మాత్రం క్షేమంగా లేను. ఒంట్లో బాగానే ఉందిలే, కంగారుపడకు. పొద్దుటినుంచి కాలుకాలిన పిల్లిలా షాపులో తిరుగుతుంటే నీ మరదలు విసిగిపోయి, మీ అక్కకి ఉత్తరమన్నా రాసుకోండి, గచ్చు అరిగిపోతోంది అంది. ఫోను చేస్తే నువ్వు సగంలోనే తిట్లు అందుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావగారిని అడిగానని చెప్పు.

అక్కా, పెద్దాయన మా ఊరు వచ్చారు. నువ్వు నవ్వుతావని తెలుసు. దేశాన్ని ఏలి, దిగిపోయి ఇన్నేళ్లయిన మనిషి బొమ్మ నా కుట్టుమిషను ఎదురుగా ఇంకా వేలాడుతోంది. ఆయన నీకేం చేశాడురా, చొక్కాగుడ్డ పెట్టాడా అని నువ్వు అడిగినప్పుడల్లా మాట మార్చేవాణ్ణి. ఇవాళ చెబుతాను విను. చిన్నప్పుడు మైదానంలో ఆయన సభకి నన్ను తీసుకెళ్లింది నువ్వే. అంత జనంలో నన్ను ఎత్తి పట్టుకున్నావు. తలల మీదుగా నాకు కనిపించింది పైకి లేచిన ఆయన కుడి చెయ్యి ఒక్కటే. మొహం కనబడలేదు. మాట్లాడడం అయ్యాక చెయ్యి ఎత్తడం ఆయన అలవాటు కదా. ఎన్నికల్లో ఓడిన రోజు మిగతావాళ్లంతా మొహాలు చాటేస్తే, ఆయన మెట్లమీద నిలబడి అదే చెయ్యి ఎత్తి, గెలిచినవాళ్లు బాగా పాలించాలని చెప్పి నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. మిల్లు మూతపడి నా పని పోయిన రోజు, గోడవైపు తిరిగి పడుకోకుండా లేచి ఒక పాత మిషను అడిగి తెచ్చుకున్నానంటే, ఆ చెయ్యి గుర్తొచ్చే. అంతకన్నా ఆయన నాకేం చెయ్యాలి?

ఈ సాయంత్రం టౌన్‌హాల్లో సభ. మొన్న ఆయన సహాయకుడు, మాటకోసారి వాచీ చూసుకునే మనిషి, కోటు తెచ్చి నా బల్లమీద పెట్టాడు. పెద్దాయన చిక్కిపోయారు, వదులైంది, ఒంటికి సరిపోయేలా బిగించి కుట్టమన్నాడు. ట్రయల్‌కి ఎప్పుడు రమ్మంటారని అడిగితే, అక్కర్లేదు, కొలతలు రాసిచ్చాం కదా అన్నాడు. ఎంత బతిమాలినా కుదరదన్నాడు. ఆ కోటు చూడాలి అక్కా! ఎడమ చెయ్యి అంచు పీచులు లేచి, మోచెయ్యి దగ్గర మెరుగెక్కిపోయింది. కుడి చెయ్యి మాత్రం నిన్న కుట్టినట్టే ఉంది. జనానికి చూపించే చెయ్యి కదా, ఎంత జాగ్రత్తగా వాడుకుంటున్నారో చూడమని నీ మరదల్ని పిలిచి మరీ చూపించాను.

అప్పుడే నాకు దుర్బుద్ధి పుట్టింది. కోటంతా మిషనుమీద గట్టిగా కుట్టి, కుడి చంక దగ్గర మాత్రం కచ్చా కుట్లు వేసి వదిలేశాను. ట్రయల్ దాకా నిలవడానికి చేత్తో పొడుగ్గా వేస్తామే, అవి. గట్టిగా లాగితే ఊడొస్తాయి. తొడుక్కోగానే ఎవరైనా చెయ్యి ఎత్తి చూసుకుంటారు. చంకలో కుట్టు నోరు తెరుస్తుంది, దర్జీని పిలవమంటారు, నేను సూదీదారంతో పరిగెత్తి వెళ్లి ఆ మొహం ఒక్కసారి దగ్గరగా చూసి వస్తాను. ఇదీ నా లెక్క. నిన్న ఆయన దిగిన గెస్ట్‌హౌస్ గుమ్మంలో కోటిచ్చి, ఏమాత్రం తేడా ఉన్నా కబురు పెట్టండని ఒకటికి నాలుగుసార్లు చెప్పి వచ్చాను.

కబురు రాలేదు. వీధిలో బండి ఆగితే లేస్తున్నాను, పోతే కూర్చుంటున్నాను. ఆయన తొడుక్కుని చూడనే లేదేమో. నేరుగా వేదికెక్కి, అందరి ముందూ ఆ చెయ్యి ఎత్తితే? ఎవరిని నెత్తిన పెట్టుకున్నానో ఆయన్నే నవ్వులపాలు చేయబోతున్నాను. వెళ్లి చెబితే ఈ ఊళ్లో ఇక నాకు గుడ్డ ఇచ్చేవాడుండడు. చెప్పకపోతే ఆయన పరువు పోతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నీ మరదలు పొద్దుటినుంచి సాధిస్తోంది. దాని మాటే నిజం.

వెళ్తున్నాను. కాలరు వెనక సూది గుచ్చుకున్నాను. వేదిక ఎక్కేలోగా పట్టుకోగలిగితే సరే. లేకపోతే, ఈ ఒక్కరోజుకి ఆయన చెయ్యి ఎత్తకుండా ఉంటే చాలని దేవుణ్ణి వేడుకో.

ఇట్లు,
నువ్వు ఎత్తి మోసిన తమ్ముడు.

తా.క. సభ అయిపోయింది. నేను వెళ్లేసరికే ఆయన వేదికమీద కుర్చీలో ఉన్నారు. తలుపు పక్కన నిలబడి ఆయన ఏం మాట్లాడారో ఒక్క ముక్క వినలేదు, ఆ చంకనే చూస్తూ ఉండిపోయాను. చివర్లో జనం చెయ్యి, చెయ్యి అని కేకలు మొదలుపెట్టారు. ఆయన నవ్వి ఎడమ చెయ్యి ఎత్తారు. కుడిది ఒళ్లో ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది. కోటు కుడి చేతి అంచు ఎందుకు అరగలేదో అప్పుడు తెలిసింది నాకు. ఎత్తకూడదని వేడుకున్నవాణ్ణి, ఎత్తలేరని తెలిసి ఏడ్చాను అక్కా.

బయట సహాయకుణ్ణి పట్టుకుని, చంక దగ్గర కుట్టు పూర్తి కాలేదు, తప్పు నాదేనని చెప్పేశాను. అతను మొదటిసారి వాచీ చూసుకోకుండా మాట్లాడాడు. పొద్దున తొడిగేటప్పుడే చూశామన్నాడు. జబ్బు చేసి ఆ చెయ్యి పడిపోయినప్పటినుంచి కోటు తొడగడం పెద్ద యాతనట. ఇవాళ కుట్టు కాస్త వదిలి సులువుగా ఎక్కిందని, దాని జోలికి పోవద్దని పెద్దాయనే అన్నారట. అన్ని కోట్లూ అలాగే చెయ్యాలట. రేపు పొద్దున ట్రయల్‌కి రమ్మన్నారు.

టేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వెళ్లాలని ఉంది, వెళ్లాలంటే భయంగానూ ఉంది. చంక కొలత తియ్యాలంటే ఆ చెయ్యి నేనే ఎత్తి పట్టుకోవాలి.