గుటక పడే దాకా

ప్రియమైన బావకు,

కొట్లో ఎవరిదో గిటార్‌కి తీగలు మారుస్తూ రేడియోలో నీ మాటలు విన్నాను. "మీ పాత రాక్ బ్యాండ్‌లో లీడ్ గిటార్ గొప్పా, మీ గొంతు గొప్పా?" అని ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడ అడిగింది. నువ్వు నవ్వి, "గిటార్‌దేముందండీ, వేళ్ళ పని. ఎవరికి నేర్పినా వస్తుంది" అన్నావు.

జనం ఇప్పటికీ ఈల వేసేది మన మొదటి పాట ముందు వచ్చే ఆ గిటార్ ముక్కనే. అది ఎలా పుట్టిందో మరిచిపోయావా? వేదిక ఎక్కితే భయంతో నీ గొంతు ఎండిపోయేది. పాట ఎత్తుకోవాల్సిన చోట కళ్ళు మూసుకుని నిలబడిపోయేవాడివి. నువ్వు గుటక మింగే దాకా నీ మెడ వంకే చూస్తూ అవే స్వరాలు తిప్పి తిప్పి వాయించేవాణ్ణి. గుటక పడగానే నీకు దారి వదిలేవాణ్ణి. నీ పరువు కాపాడుతున్నానని మురిసిపోయాను కూడా. చివరికి అది వేళ్ళ పని అయింది.

అక్కని అడిగానని చెప్పు.

నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

నీకు ముక్కు మీద కోపం ఇంకా పోలేదు. మాటవరసకి ఏదో అంటే ఇంత రాద్ధాంతమా? అసలు సంగతి విను. బ్యాండ్‌ని మళ్ళీ నిలబెడుతున్నాం. డ్రమ్ములాయన సరేనన్నాడు. నువ్వు కొట్టు వదిలి రాలేవు కదా అని గిటార్‌కి కొత్తతన్ని తీసుకున్నాం. చెయ్యి భలే చురుకు. ఆ మొదటి ముక్కే పట్టుబడటం లేదు. నీ దగ్గరికి పంపుతున్నాను, కాస్త చూపించు. మనలో మనకి నీదీ నాదీ ఏముంది?

నీ మేలు కోరే
బావ

*

బావకు,

రాలేనని నన్నడక్కుండానే తేల్చేశావు. పైగా నా చోట్లో నిలబడేవాడికి నేనే నేర్పాలి. మొన్న అక్క ఫోన్ చేసి లోకంలో కబుర్లన్నీ చెప్పింది, ఇది తప్ప.

కొత్తతను వచ్చాడు. మర్యాదస్తుడు. నువ్వన్నట్టే వేళ్ళ పని మొత్తం నేర్పాను. ఏ తీగ ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో అంతా చూపించాను. రికార్డులో ఉన్నది ఉన్నట్టు దించేస్తాడు. నీకేం ఢోకా లేదు.

ఉంటాను.

*

ఒరేయ్,

నిన్న హాలు కిక్కిరిసిపోయింది. అతను రికార్డులో ఉన్నట్టే వాయించి, రికార్డులో ఆగిన చోటే ఆగాడు. నాకింకా గుటక పడలేదు. నోరు తెరిచేసరికి పాట నన్ను దాటి వెళ్ళిపోయింది. జనం నవ్వారు. ముందు వరసలో మీ అక్క తల దించుకుంది. తర్వాత అతన్ని కడిగిపారేస్తే, "మీ కోసం ఆగాలని నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు.

నమ్మి పంపితే వెన్నుపోటు పొడిచావు. పక్కన నువ్వు లేకపోతే ఆ పాట నేను ఎత్తుకోలేనని నీకొక్కడికే తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

బావ

*

ప్రియమైన బావకు,

అతనికి గుటక సంగతి చెప్పాలంటే నీ భయం సంగతి చెప్పాలి. అది నేను ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా అనలేదు, అక్క దగ్గర కూడా. ఇకమీదటా అనను. దాన్ని వెన్నుపోటు అనుకుంటే నీ ఇష్టం.

"నువ్వు లేకపోతే ఎత్తుకోలేను" అని ఇవాళ నన్ను తిట్టడానికి రాశావు. ఆ ఒక్క మాట మామూలుగా అని ఉంటే, నువ్వు పిలవకపోయినా కొట్టుకి తాళం వేసి వచ్చేవాణ్ణి.

నీ బామ్మర్ది